అమ్మితె పోనన్నోడు కర్ట్ ఫ్లడ్

డిసెంబర్ నెలల అమెరికాల బేస్‌బాల్ ఆట ఉండది. ఆట అక్టోబర్ దాటంగనే బందు, మల్ల మార్చి ఆఖరుకే మొదలు. గాని బేరాల వార్తలు గరంగ నడిచేది ఈ ఖాళీ నెలలల్లనే. 2023 డిసెంబర్‌ల లాస్ ఏంజెలస్ డాడ్జర్స్ టీము జపాన్ ఆటగాడు షోహెయ్ ఒటానీతోని 10 ఏండ్లకు 70 కోట్ల డాలర్ల ఒప్పందం రాసుకున్నది. ఏడాది తిరిగేసరికి న్యూయార్క్ మెట్స్ వాళ్ళు హువాన్ సోటోకు 15 ఏండ్లకు 76.5 కోట్ల డాలర్లు రాసిచ్చిండ్రు. మన రూపాయలల్ల లెక్కేస్తె రెండూ ఐదున్నర వేల కోట్లు దాటినయే. అమెరికాల ఉండే మనోళ్ళ వాట్సాప్ గ్రూపులల్ల ఈ అంకెలు తిరుగుతయ్, ఆన్నుంచి మన ఊర్ల పోరగాళ్ళ ఫోన్లకు వస్తయ్. ఒక్క మనిషికి ఇంత ఎందుకియ్యాలె, వీనికి పిచ్చా వానికి పిచ్చా అని నవ్వుకుంటం, పక్కకు జరుపుతం.

నేను మాత్రం ఆ అంకెలు చూసినప్పుడల్ల కర్ట్ ఫ్లడ్‌ను యాది చేసుకుంట. ఈ బేరాలకు దారి ఏసినోడు ఆయన. ఆ పైసలల్ల ఒక్క డాలర్ సుత ఆయనకు ముట్టలె. ఆయన పేరు మన దిక్కు ఎవరూ తియ్యరు, అందుకే ఇయ్యాల ఆయన కథ చెప్తున్న. పైసల కథ అనుకుంటరేమో, నా మటుకు ఇది మర్యాద కథ.

ముందుగాల ఒక మాట సమజ్ చేసుకోవాలె. ఫ్రీ ఏజెంట్ అంటె ఎవరు? టీముతోని రాసుకున్న గడువు తీరిపోయి, ఇగ ఏ టీముతోనైన మాట్లాడుకునే హక్కున్న ఆటగాడు. మన ఐపీఎల్ వేలం వేరే. వేలంల ఆటగాడు ఇంట్ల టీవీ ముందు కూసుంటడు, ఎవరు పలక లేపుతరో చూస్తడు. మన హైదరాబాద్ ఆటోడ్రైవర్ కొడుకు సిరాజ్ 2017ల సన్‌రైజర్స్‌కు 2.6 కోట్లకు, తెల్లారి ఏడాది అదే ధరకు బెంగళూరుకు, 2025 సీజన్‌కు 12.25 కోట్లకు గుజరాత్‌కు పోయిండు. ధర పెరిగింది, మంచిదే. గాని యాడికి పోవాలె అన్నది ఏ వేలంలనూ ఆయన చేతుల లేదు. బేస్‌బాల్‌ల ఫ్రీ ఏజెంట్ అయినోడు నాలుగు టీములను పిలిచి మాట్లాడుతడు, నచ్చిన ఊరు, నచ్చిన కోచ్, పిల్లల బడి చూసుకుంటడు, ఆఖరుకు తానే సంతకం పెడతడు. ఆ హక్కు వాళ్ళకు ఊకె రాలె.

ఎన్కట అమెరికాల ఆటగాని కాగితంల ఒక షరతు ఉండేది. రిజర్వ్ క్లాజ్ అంటరు దాన్ని. 1879లనే దాని విత్తనం పడ్డది. ఈ ఏడాది ఒప్పందం అయిపోయినంక ఆటగాడు కొత్త సంతకం పెట్టకుంటె, టీము తనంతట తానే ఇంకో ఏడాదికి పొడిగించుకోవచ్చు. వినేటందుకు ఒక్క ఏడాదే. గాని పొడిగించిన కాగితంల మల్ల అదే షరతు ఉంటది కద. అట్ల ఏడాది మీద ఏడాది, ఆటగాని ఒంట్ల సత్తువ ఉన్నన్ని దినాలు ఆయన ఆ టీముదే అని ఓనర్ల లెక్క. టీముకు ఇష్టమైతె ఆయనను ఇంకో టీముకు అమ్మొచ్చు, మార్చుకోవచ్చు, తీసి పారేయొచ్చు. ఆటగానికి మాత్రం రెండే దార్లు. చెప్పిన కాడికి పోవుడు, లేకుంటె ఆట ఇడిసి వేరే పని చూసుకునుడు.

తెలంగాణల జీతగాడు అన్న మాటకు అర్థం మన తాతలను అడుగుండ్రి. నెలకు జీతం తీసుకునే నౌకరి అని కాదు, దొర ఇంట్ల పనికి కట్టుబడ్డోడు అని చెప్తరు. రిజర్వ్ క్లాజ్ గురించి మొదటిసారి చదివినప్పుడు నాకు మతికొచ్చింది ఆ మాటనే. వాళ్ళకు వేల డాలర్లు వచ్చేటియి, మన జీతగానికి గింజలు వచ్చేటియి. రెండిటినీ ఒక్కటే అంటె మన తాతలకు అన్యాయం చేసినట్టు. గాని ఇడిసిపెట్టి పోయే హక్కు లేకపోవుడు మాత్రం రెండు చోట్ల ఉన్నది.

కర్ట్ ఫ్లడ్ 1938 జనవరి 18న టెక్సస్‌ల హ్యూస్టన్‌ల పుట్టిండు. పెరిగింది కాలిఫోర్నియాల ఓక్లాండ్ పట్నంల, నల్లోళ్ళ బస్తీల. మనిషి పొట్టిగ, బక్కగ ఉండేటోడు. ఆ బస్తీల జార్జ్ పౌల్స్ అని ఒక తెల్ల కోచ్ ఉండె. ఆయన చేతి కింద పెరిగిన పోరగాళ్ళు ఫ్రాంక్ రాబిన్సన్, వేడా పిన్సన్, కర్ట్ ఫ్లడ్ ముగ్గురూ పెద్ద ఆటగాళ్ళయిండ్రు. 1956ల సిన్సినాటి రెడ్స్ టీము ఫ్లడ్‌ను 4,000 డాలర్ల జీతానికి తీసుకున్నది. అప్పటికి 18 ఏండ్లు.

టీము ఆయనను చిన్న లీగులల్ల తయారైతందుకు దక్షిణ రాష్ట్రాలకు తోలింది. ముందు నార్త్ కరొలైనా, తెల్లారి ఏడాది జార్జియాల సవానా. జాకీ రాబిన్సన్ అనే నల్ల ఆటగాడు 1947లనే పెద్ద లీగుల అడుగు పెట్టిండు, ఇగ రంగు గోడ కూలింది అనుకున్నరు అందరు. చిన్న లీగులల్ల ఆ గోడ అట్లనే నిలబడి ఉన్నది. బస్సు హోటల్ కాడ ఆగితె తెల్ల ఆటగాళ్ళు లోపట కూసొని తినేది, ఫ్లడ్ ఎనక తలుపు కాడికి పోవాలె. బస వేరే. మైదానంల సొంత ఊరి జనమే బూతులు తిట్టేది. ఒకసారి ఒకే దినం రెండు ఆటలున్నయ్. నడిమిట్ల బట్టలు ఉతికిస్తరు. ఫ్లడ్ తన బట్టలు అందరి బట్టలల్ల ఏసిండు. ఆడ పనిచేసేటోడు కర్రతోని ఆ బట్టలు పక్కకు లేపి, నల్లోళ్ళ చాకలి కాడికి వేరేగ పంపిండు. అందరు ఉతికిన బట్టలేసుకొని మైదానంలకు పోయిండ్రు. ఫ్లడ్ ఒంటి మీద నూలుపోగు లేకుంట తన బట్టల కోసం ఒక్కడే కూసున్నడు. తరువాత ఆయనే ఈ ముచ్చట చెప్పుకున్నడు. నాకైతె ఆయన బతుకంత ఈ ఒక్క దినంల కనబడ్తది. అంత జరిగినా 1956ల ఆ లీగుల అందరికన్న ఎక్కువ సగటుతోని కొట్టిండు.

1957 డిసెంబర్‌ల రెడ్స్ వాళ్ళు ఆయనను సెయింట్ లూయిస్ కార్డినల్స్ టీముకు ఇచ్చేసిండ్రు. అడిగింది లేదు, చెప్పింది లేదు. 19 ఏండ్ల పోరగాడు, మూట సర్దుకొని పోయిండు.

సెయింట్ లూయిస్‌ల 12 ఏండ్లు ఆడిండు. ఆయన జాగ సెంటర్ ఫీల్డ్. మన క్రికెట్‌ల లాంగాన్ నుంచి లాంగాఫ్ దాంక ఉన్న జాగ మొత్తం ఒక్కడే కాపల కాసినట్టు అనుకోండ్రి, ఉరుకుడే ఉరుకుడు. 1963 నుంచి 1969 దాంక ఏడేండ్లు వరుసగ ఫీల్డింగ్‌ల అందరికన్న మేటి అని గోల్డ్ గ్లోవ్ బహుమతి తీసుకున్నడు. 1966 సీజన్ మొత్తంల ఒక్క తప్పు చెయ్యలె. 226 ఆటలు వరుసగ తప్పు లేకుంట ఆడి రికార్డు పెట్టిండు. 1964ల, 1967ల కార్డినల్స్ వరల్డ్ సిరీస్ గెలిచింది. 1968 ఆఖరు ఆటల ఒక బంతి అంచనా తప్పిండు, డెట్రాయిట్ గెలిచింది. అన్నేండ్లు పట్టిన బంతులు పక్కకు పోయినయ్, జనం ఆ ఒక్క బంతినే యాది పెట్టుకున్నరు. ఇట్లాంటిది మన దగ్గర సుత మామూలే.

మైదానం బయట ఆయన ఊకె ఉండేటోడు కాదు. 1962ల మిసిసిపి రాష్ట్రంల జాక్సన్ ఊర్ల నల్లోళ్ళ హక్కుల సభ అయితె జాకీ రాబిన్సన్‌తోని పోయి నిలబడ్డడు. 1964ల కాలిఫోర్నియాల ఆలమో అనే చోట ఇల్లు కిరాయికి మాట్లాడుకున్నడు. వచ్చినోళ్ళు నల్లోళ్ళని తెలిసినంక ఇంటోళ్ళు తుపాకులతోని అడ్డం నిలబడ్డరు. ఆయన ఎనక్కి పోలె. కోర్టుకు పోయి ఆర్డర్ తెచ్చుకొని ఆ ఇంట్లకు పోయిండు. ఐదేండ్ల తరువాత చేసిన పనికి ఇది తొలి మెట్టు అని నేననుకుంట.

1969 నాటికి ఆయన జీతం ఏడాదికి 90,000 డాలర్లు. ఆ కాలంల చానా పెద్ద జీతం. టీము ఓనరు గస్సీ బుష్, బీరు కంపెనీ యజమాని. ఆ ఏడాది మార్చిల ఆటగాళ్ళను, విలేకర్లను కూసోబెట్టి, మీకు పైసల మీద ఆశ ఎక్కువైందన్నట్టు క్లాసు పీకిండు. ఆ సీజన్‌ల టీము ఆట సుత దిగజారింది. అక్టోబర్‌ల ఫ్లడ్ ఇంటికి ఫోన్ వచ్చింది. నిన్ను ఫిలడెల్ఫియా ఫిలీస్ టీముకు ఇచ్చేసినం అని కబురు. 12 ఏండ్లు చాకిరీ చేసిన మనిషికి ఓనరు ఎదురుంగ చెప్పలె, పెద్ద మేనేజర్ చెప్పలె, ఆఫీసుల నడిమి నౌకరు ఒకాయన ఫోన్‌ల చెప్పి ఊకున్నడు.

ఫిలడెల్ఫియా అంటె ఎట్లాంటిదో ఆయనకు ఎరుకే. ఈ మార్పిడిల ఆడికెల్లి సెయింట్ లూయిస్‌కు వస్తున్నది డిక్ అలెన్ అనే నల్ల ఆటగాడు. సొంత జనమే మీద వస్తువులు ఇసిరికొడ్తున్నరని అలెన్ ఫీల్డింగ్‌ల సుత హెల్మెట్ పెట్టుకొని ఆడేటోడు. గసొంటి ఊరికి పొమ్మన్నరు. ఫిలీస్ వాళ్ళు జీతం 1,00,000 డాలర్లకు పెంచుతమన్నరు. మన ఇండ్లల్ల అయితె నోరు మూసుకొని పోరా అంటరు. ఫ్లడ్ పోలె.

ఆటగాళ్ళ సంఘానికి అప్పుడు పెద్ద మార్విన్ మిల్లర్. ఉక్కు కార్మికుల యూనియన్ల లెక్కలు చూసిన మనిషి, 1966ల ఈ సంఘానికి వచ్చిండు. ఆయన వచ్చినప్పుడు ఆటగానికి కనీస జీతం ఏడాదికి 6,000 డాలర్లే. ఫ్లడ్ కోర్టుకు పోత అంటె మిల్లర్ ఆయనను ఎగదొయ్యలె, ఆపేటందుకే చూసిండు. కేసు గెలిచేటట్టు లేదన్నడు. గెలిచినా ఆ ఫలం తినేటందుకు నీకు వయసుండదన్నడు. రేపు కోచ్ నౌకరి, మేనేజర్ నౌకరి ఏదీ దొరకదన్నడు. వేరే ఆటగాళ్ళకు లాభమయితదా అని ఫ్లడ్ అడిగిండు. అయితది అని మిల్లర్ చెప్పిండు. ఆ మాట చాలు అనుకున్నడు ఫ్లడ్. 1969 డిసెంబర్‌ల పోర్టోరికోల సంఘం ప్రతినిధుల మీటింగ్ అయింది. ఫ్లడ్ పోయి వాళ్ళు అడిగిన ప్రశ్నలన్నిటికి జవాబు చెప్పిండు. ఒక్క ఓటు సుత వ్యతిరేకం పడకుంట, కేసు ఖర్చు సంఘమే పెట్టుకోవాలె అని తీర్మానం చేసిండ్రు.

డిసెంబర్ 24న ఆయన బేస్‌బాల్ కమిషనర్ బోవీ కూన్‌కు ఉత్తరం రాసిండు. నేను కొనుక్కునే అమ్ముకునే సామాను కాదు, వేరే టీములతోని మాట్లాడుకునే హక్కు నాకుండాలె అన్నది దాని సారం. కూన్ కుదరదన్నడు. 1970 జనవరిల కేసు పడ్డది. జనవరిలనే టీవీల వచ్చి, 90,000 డాలర్ల జీతమైనా బానిసతనం బానిసతనమే అన్న తీరుగ మాట్లాడిండు. ఆ మాటతోని దేశంల అగ్గి పుట్టింది. ఇంత జీతం తీసుకునేటోడు బానిస ఎట్లయితడు అని పత్రికలోళ్ళు ఎగతాళి చేసిండ్రు. బెదిరింపు ఉత్తరాలు కుప్పలు పడ్డయ్.

ఈ ఎగతాళి మన దగ్గర సుత వినబడ్తది. పెద్ద జీతం వచ్చేటోడు సమ్మె చేస్తె, నీకేం తక్కువైంది అంటం. 2010ల రవీంద్ర జడేజా రాజస్థాన్ టీముతోని ఒప్పందం కొనసాగించకుంట వేరే టీముతోని మాట్లాడిండని ఒక ఐపీఎల్ సీజన్ మొత్తం నిషేధం పెట్టిండ్రు. పద్ధతి తప్పిండు అని అందరం అనుకున్నం. ఆ పద్ధతి ఎవరు రాసిండ్రు అని అడిగినోళ్ళు ఎంతమంది?

1970 మే నెలల న్యూయార్క్‌ల విచారణ మొదలైంది. ఫ్లడ్ వకీలు ఆర్థర్ గోల్డ్‌బర్గ్, ఒకప్పుడు సుప్రీం కోర్టు జడ్జిగ చేసినాయన. జాకీ రాబిన్సన్ వచ్చి సాక్ష్యం చెప్పిండు, అప్పటికే ఆరోగ్యం పాడై ఉన్నడు. యూదు ఆటగాడైనందుకు తన కాలంల తిట్లు తిన్న హ్యాంక్ గ్రీన్‌బర్గ్ వచ్చిండు. టీముల ఓనరుగ చేసిన బిల్ వీక్ సుత వచ్చిండు. అప్పుడు పెద్ద లీగుల ఆడుతున్న ఆటగాళ్ళు మాత్రం ఒక్కడు రాలె. సాక్ష్యం సంగతి ఇడిసిపెట్టుండ్రి, ఊకె వచ్చి ఎనక బల్ల మీద కూసున్నోడు సుత లేడు. ఫ్లడ్ జిగ్రీ దోస్త్ బాబ్ గిబ్సన్ సుత లేడు. పోయినోడు ఓనర్ల కండ్లల్ల పడ్తడు, మల్ల వాని మీద సుత అదే షరతు ఉన్నది కద. వాళ్ళను తిట్టబుద్ధి కాదు నాకు. గాని ఓటు ఏసుడు ఒకటి, పక్కన కూసునుడు ఇంకొకటి అని ఆడ తెల్సింది.

చట్టం ముచ్చట జర చిత్రంగ ఉంటది. 1890ల అమెరికాల ఒక చట్టం వచ్చింది. కంపెనీలు అన్నీ కలిసి కుమ్మక్కై ధరలు, కూలీలు కట్టడి చెయ్యొద్దు అని. 24 టీముల ఓనర్లు కలిసి ఒకని ఆటగాన్ని ఇంకొకడు ముట్టొద్దు అని కట్టుబాటు పెట్టుకున్నరంటె అది కుమ్మక్కే కద? గాని 1922ల సుప్రీం కోర్టు, బేస్‌బాల్ రాష్ట్రాల నడుమ నడిచే యాపారం కిందికి రాదు, ఈ చట్టం దానికి వర్తించదు అన్నది. 1953ల ఇంకో కేసు వస్తె, పాత తీర్పే ఉండనియ్యండ్రి, మార్చాలంటె పార్లమెంటు మార్చుకుంటది అన్నది. నడిమిట్ల బాక్సింగ్‌కు చట్టం వర్తిస్తది అన్నరు, ఫుట్‌బాల్‌కు వర్తిస్తది అన్నరు. బేస్‌బాల్‌కు మాత్రం వర్తించదట.

1972 జూన్ 19న సుప్రీం కోర్టు 5–3 తోని ఫ్లడ్‌ను ఓడగొట్టింది. తీర్పు రాసిన జడ్జి బ్లాక్‌మన్ ముందుగాల ఆట మీద తనకున్న ప్రేమంత ఒలకబోసి, 80 మందికి పైగ పాత ఆటగాళ్ళ పేర్లు వరుసపెట్టి రాసిండు. ఆ పేర్ల భాగం చూసి ఆయన దిక్కు ఓటేసిన జడ్జిలల్లనే ఇద్దరు, ఆ భాగానికి మేం సంతకం పెట్టం అన్నరు. తరువాత అసలు సంగతికొచ్చి, ఇది చట్టంల ఒక వింత అని ఒప్పుకున్నడు. వింతే గాని చానా పాతది, మార్చాల్సింది మేము కాదు అని చెయ్యి దులుపుకున్నడు. తొమ్మిదో జడ్జి పావెల్ తీర్పుల పాల్గొనలె, ఎందుకంటె బుష్ బీరు కంపెనీల ఆయనకు వాటాలున్నయ్. తప్పు అని తెలిసినా పాతదని ఉంచిన ఈ తీర్పు నాకు ఇప్పటికీ మింగుడు పడది.

కేసు నడుస్తుండంగ ఫ్లడ్ ఏమైండు? 1970 సీజన్ మొత్తం ఆడలె. అంటె లక్ష డాలర్లు ఇడిసిపెట్టిండు. విచారణ అయినంక డెన్మార్క్ పోయిండు. యాపారం మునిగింది, అప్పులు మీద పడ్డయ్, తాగుడు ఎక్కువైంది. 1971ల వాషింగ్టన్ సెనేటర్స్ టీము 1,10,000 డాలర్లకు పిలిస్తె, కేసుకు నష్టం కాకుంట చూసుకొని మల్ల బ్యాట్ పట్టిండు. గాని ఏడాదిన్నర ఆట ఇడిసిన ఒళ్ళు, 33 ఏండ్లకే ముసలిదైంది. 13 ఆటలు ఆడిండు. ఒకనాడు తన అలమారల నల్లటి చావు దండ పెట్టి ఉన్నది. ఏప్రిల్ ఆఖరుకు టీము ఓనరుకు తంతి కొట్టి విమానం ఎక్కిండు. స్పెయిన్‌ల మయోర్కా దీవిల ఒక బార్ నడిపిండు. సుప్రీం కోర్టు తీర్పు వచ్చినప్పుడు ఆయన దేశంల లేడు.

ఓడిన కేసే గాని దాని దెబ్బకు ఓనర్ల గుండెల దడ పుట్టింది. కోర్టే దీన్ని వింత అన్నదంటె ఎన్ని దినాలు కాపాడుకుంటం అని. 1973 ఒప్పందంల, పెద్ద లీగుల 10 ఏండ్లు, అందుల ఆఖరు 5 ఏండ్లు ఒకే టీముకు ఆడినోన్ని ఆయన ఒప్పుకోకుంట వేరే టీముకు మార్చొద్దు అని రాసుకున్నరు. దాన్ని జనం ఫ్లడ్ రూల్ అనే అంటరు. 1969ల ఆ రూలే ఉండి ఉంటె ఆ ఫోన్ వచ్చేదే కాదు. జీతం తగాదా వస్తె బయటి మధ్యవర్తి తేల్చాలె అన్నది సుత ఆ ఒప్పందంలదే. 1974 ఆఖరుకు ఓక్లాండ్ ఓనరు చార్లీ ఫిన్లే, ఒప్పందంల రాసిన పైసలు కట్టకపోతె, బంతులేసే క్యాట్‌ఫిష్ హంటర్‌ను మధ్యవర్తి ఇడిపించిండు. న్యూయార్క్ యాంకీస్ ఐదేండ్లకు 30 లక్షల డాలర్ల మీద రాసిచ్చింది. ఒక్కడు బయటికొస్తె ధర ఎంతుంటదో గప్పుడు దేశం మొత్తం చూసింది.

1975 డిసెంబర్ 23న ఇగ అసలు కట్ట తెగింది. ఆండీ మెసర్‌స్మిత్, డేవ్ మెక్‌నాలీ అనే ఇద్దరు ఆ ఏడాది కొత్త సంతకం పెట్టకుంట ఉన్నరు. ఆ కాగితంల ఒక్క ఏడాది అని రాసి ఉంటె ఒక్క ఏడాదే, ఎల్లకాలం కాదు అని మధ్యవర్తి పీటర్ సైట్జ్ తేల్చిండు. ఓనర్లు ఆయనను ఆ పనికెల్లి తీసేసిండ్రు, కోర్టుకు పోయి ఓడిపోయిండ్రు. సుప్రీం కోర్టు మార్చం అన్నదాన్ని, మూడున్నర ఏండ్లకు ఒక మధ్యవర్తి కాగితం సరిగ్గ చదివి మార్చేసిండు.

ఇయ్యాల మనం చూసే డిసెంబర్ బేరాల గుట్టు 1976 ఒప్పందంల ఉన్నది. ఫిన్లే ఒక ఉపాయం చెప్పిండు. ప్రతి ఏడాది అందరినీ ఇడిసిపెడదాం, సంతల మస్తు సరుకుంటె ధర పడిపోతది అని. మిల్లర్ లోపట భయపడ్డది దానికే. మిగిలిన ఓనర్లు మాత్రం ఫిన్లే మాట వినలె. ఆరేండ్లు ఆడినోనికే ఇడుపు అని రెండు దిక్కుల కుదుర్చుకున్నరు. మిర్చి యార్డుల అందరం ఒకే దినం బస్తాలు దింపితె ఏమయితదో మనకు ఎరుకే. కొంతమందే సంతకొస్తె ధర నిలుస్తది. 1976 నవంబర్‌ల రెజ్జీ జాక్సన్‌కు యాంకీస్ ఐదేండ్లకు దగ్గర దగ్గర 30 లక్షల డాలర్లు ఇచ్చింది. ఆ లెక్కనే పెరుగుకుంట పెరుగుకుంట ఒటానీ దాంక వచ్చింది.

ఓనర్లు ఊకున్నరా? 1985 నుంచి 1987 దాంక వరుసగ మూడు చలికాలాలు సంత చల్లబడ్డది. మేటి ఆటగాళ్ళు బయటికొచ్చినా వేరే టీము పిలువది. అంత కలిసి ఆడిన కుమ్మక్కు అని మధ్యవర్తులు తేల్చిండ్రు, 1990ల 28 కోట్ల డాలర్లు కక్కినంక గాని అది సద్దుమణగలె. 1994ల జీతాలకు పైకప్పు పెడతమంటె ఆటగాళ్ళు సమ్మె చేసిండ్రు, ఆ ఏడాది వరల్డ్ సిరీసే జరగలె. ఇప్పటికీ గట్టి పైకప్పు లేదు. ఒక హద్దు ఉన్నది, అది దాటితె టీము పన్ను కట్టాలె. 2025ల ఆ హద్దు 24.1 కోట్ల డాలర్లు. డాడ్జర్స్ 2024 లెక్కకు 10 కోట్ల డాలర్ల మీద పన్నే కట్టింది, 2024ల, 2025ల వరుసగ గెలిచింది. ఇంకో దిక్కు, వాళ్ళు జీతాలకు పెట్టే దాంట్ల నాలుగో వంతు సుత పెట్టని టీములున్నయ్. చిన్న ఊర్ల టీములు సచ్చిపోతయ్, పైకప్పు పెట్టాలె అని మల్ల మాట లేసింది. ఇప్పుడున్న ఒప్పందానికి గడువు 2026 డిసెంబర్ 1. చిన్న టీముల అభిమానుల బాధ నిజమే, నేను కాదనను. కాకపోతె ఫ్లడ్ కేసుల ఓనర్లు చెప్పింది సుత ఇదే, ఇడిసిపెడితె ఆట సస్తది అని. ఆట సావలె. ఖర్చు పెట్టని ఓనరును అడగకుంట, తీసుకునే ఆటగాన్నే ఎందుకడగాలె అన్నది నా ప్రశ్న.

ఫ్లడ్ 1976ల ఓక్లాండ్‌కు తిరిగొచ్చిండు. కాలిచేతులతోని వచ్చిండు. 1978ల ఓక్లాండ్ టీముకు రేడియోల ఆట చెప్పిండు. చిన్నపిల్లల లీగు చూసుకున్నడు. మిల్లర్ చెప్పినట్టే ఏ పెద్ద టీము కోచ్‌గ పిలువలె. తాగుడుతోని కొట్లాడి కొట్లాడి బయటపడ్డడు. 1986ల నటి జూడీ పేస్‌ను పెండ్లి చేసుకున్నడు. ఆఖరు పదేండ్లు జర నిమ్మలంగ బతికిండు. 1994 సమ్మెల ఆటగాళ్ళ మీటింగ్‌కు పోయి మాట్లాడితె, లక్షల డాలర్ల జీతాలున్న పోరగాళ్ళు లేచి నిలబడి చప్పట్లు కొట్టిండ్రు. 24 ఏండ్ల కింద కోర్టుల ఖాళీగున్న బల్లలు చూసిన మనిషి ఆయన.

1997 జనవరి 20న గొంతు క్యాన్సర్‌తోని లాస్ ఏంజెలస్‌ల పోయిండు. 59 ఏండ్లు నిండి రెండు దినాలే. మార్విన్ మిల్లర్‌ను సచ్చిపోయినంక 2019 డిసెంబర్‌ల హాల్ ఆఫ్ ఫేమ్‌కు ఎన్నుకున్నరు, ఫ్లడ్‌కు ఆ తలుపు తెరువలె. 1998 అక్టోబర్‌ల అమెరికా పార్లమెంటు కర్ట్ ఫ్లడ్ చట్టం చేసింది. దిగువ సభల పెట్టిన బిల్లుకు ఇచ్చిన నంబరు 21, మైదానంల ఆయన అంగి మీద ఉన్న నంబరే. దాంతోని పెద్ద లీగు ఆటగాళ్ళకు, 1922ల కోర్టు లేదన్న హక్కు వచ్చింది. చిన్న లీగుల పోరగాళ్ళకు మాత్రం ఆ చట్టం వర్తించదు అని అండ్లనే రాసిండ్రు. ఎనక తలుపు కాడ తిని, వేరేగ బట్టలు ఉతికించుకున్న 18 ఏండ్ల ఫ్లడ్ ఆడింది ఆ చిన్న లీగులనే. ఆడి పిల్లలు 2022ల గాని యూనియన్‌ల చేరలె. వాళ్ళ తొలి ఒప్పందం 2023ల అయింది.